గండికోట నుంచి ఒలింపస్ మాన్స్ దాకా: గ్రహాల నేలను 3డీలో చూడటం ఎలా

అంగారకుడి కొండల బొమ్మలు ఫోన్లో ఎన్నో చూసుంటారు. ఆకాశంలోకి పొడుచుకెళ్లే శిఖరాలు, అడుగు కనబడని లోయలు. వాటిలో చాలావరకు ఎత్తును రెండింతలో ఐదింతలో సాగదీసి చేసినవే. షేర్ అయి మన దాకా వచ్చేసరికి ఆ సంగతి చెప్పే వాక్యం ఎక్కడో రాలిపోయి ఉంటుంది. అందుకే ఆ నేలను మన కంప్యూటర్లో మనమే నిలబెట్టుకుని చూడటం మేలు. దీనికి ఖర్చేమీ లేదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, డేటా ఉచితం. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ సరిపోతుంది.

అయితే నేను చెప్పే దారి నేరుగా అంగారకుడికి పోదు. ముందు జమ్మలమడుగు దగ్గరున్న గండికోటకు పోతుంది. మనం తిరిగిన చోటును సాఫ్ట్‌వేర్ ఎలా చూపిస్తోందో, ఎక్కడ నిజం చెబుతోందో, ఎక్కడ కోతలు కోస్తోందో ఇట్టే పట్టేయగలం. అంగారకుడి మీద ఆ వీలుండదు. గండికోట చూడనివాళ్లు తమ ఊరి కొండతో మొదలుపెట్టొచ్చు, పెనుకొండైనా సరే, ఓర్వకల్లు రాళ్లైనా సరే.

ముందుగా కావలసినవి

క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ దించుకోండి. దాని సైట్‌లో రెండు రకాలుంటాయి. కొత్త ఫీచర్లున్నదాని జోలికి పోకుండా 'లాంగ్ టర్మ్ రిలీజ్' అని ఉన్నదాన్ని తీసుకోండి, క్రాష్‌లు తక్కువ.

ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేకపోతే నాసా వాళ్ల మార్స్ ట్రెక్, మూన్ ట్రెక్ సైట్లు బ్రౌజర్లోనే 3డీ చూపిస్తాయి. కంప్యూటర్లో వాడే గూగుల్ ఎర్త్ ప్రోలో కూడా చంద్రుడు, అంగారకుడు ఉన్నాయి. పిల్లలకు ఒక పీరియడ్‌లో చూపించాలంటే అవే నయం. కానీ ఎత్తును ఎంత సాగదీయాలి, వెలుతురు ఎటునుంచి పడాలి, అడ్డంగా గీత గీసి కొలిస్తే ఎంత లోతు వస్తుంది వంటివన్నీ మన చేతిలో ఉండాలంటే క్యూజీఐఎస్సే.

ఇక డేటా. 3డీకి మూలం ఫొటో కాదు, డీఈఎం అనే ఫైలు. చూడటానికి బొమ్మలాగే తెరుచుకుంటుంది గానీ, అందులో ఒక్కో గడిలో రంగుకు బదులు ఆ చోటు ఎత్తు అంకెగా ఉంటుంది. ఆ అంకెలను బట్టి సాఫ్ట్‌వేర్ నేలను లేపి, దాని మీద మనం ఇచ్చిన బొమ్మను పరుస్తుంది. మొత్తం పని ఇంతే. తేడాలన్నీ గడి ఎంత పెద్దది, అంకె ఎంత కచ్చితం అన్న దగ్గరే వస్తాయి.

గండికోటను నిలబెట్టడం

1. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. ఆ డేటా పేరు ఎస్ఆర్‌టీఎం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ నడిపే ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఖాతా తెరిచి దించుకోవచ్చు. ఒక్కో ఫైలు ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు. ఎన్14ఈ078 (14 డిగ్రీల ఉత్తరం, 78 డిగ్రీల తూర్పు) అనే ముక్కలో గండికోట, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, కడప అన్నీ వచ్చేస్తాయి. అనంతపురం వాళ్లకు ఎన్14ఈ077, కర్నూలు వాళ్లకు ఎన్15ఈ078. ఫైలు పాతిక ఎంబీ లోపే. ఇస్రోకు చెందిన హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భువన్ పోర్టల్‌లో మన కార్టోశాట్-1 ఉపగ్రహం నుంచి తయారైన కార్టోడీఈఎం కూడా ఉచితంగా దొరుకుతుంది. రెండూ దించుకుని పోల్చుకోవచ్చు.

2. ఫైలును లాగి క్యూజీఐఎస్ కిటికీలో వదలండి. నలుపు తెలుపుల్లో మసక బొమ్మ వస్తుంది. తెలుపు ఎత్తు, నలుపు పల్లం.

3. ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. ఈ ఫైలు డిగ్రీల్లో ఉంది, ఎత్తులేమో మీటర్లలో ఉన్నాయి. రెంటినీ కలిపి 3డీ చేస్తే పనికిరాని సూదులు లేస్తాయి. అందుకే రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్, దానిలో వార్ప్ తెరిచి, ఫైలును మీటర్ల కొలతకు మార్చాలి. కడప, కర్నూలు వాళ్లు యూటీఎం అనే మీటర్ల పద్ధతిలో 44 నార్త్ (కోడ్ 32644) ఎంచుకోండి. అనంతపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉంది కాబట్టి దానికి 43 నార్త్ (32643). కర్నూలు ఆ గీత మీదే ఉన్నట్టు లెక్క, ఏది వాడినా పెద్ద నష్టం లేదు. మార్చిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాజెక్టు కొలత కూడా దీనిదే అయ్యేలా పెట్టండి.

4. గండికోట చుట్టూ ఓ 15 కిలోమీటర్ల చదరం కత్తిరించుకోండి. రాస్టర్, ఎక్స్‌ట్రాక్షన్, క్లిప్ రాస్టర్ బై ఎక్స్‌టెంట్.

5. ఆ లేయర్‌ను డూప్లికేట్ చేయండి. కింది దానికి సింబాలజీలో ఎత్తును బట్టి రంగులు ఇవ్వండి. పైదానికి హిల్‌షేడ్ పెట్టి, బ్లెండింగ్ మోడ్ మల్టిప్లై అని మార్చండి. నీడలు, రంగులు కలిసిపోయి నేల ఉబ్బెత్తుగా కనబడటం ఇక్కడే మొదలవుతుంది.

6. వ్యూ మెనూలో 3డీ మ్యాప్ వ్యూస్, న్యూ 3డీ మ్యాప్ వ్యూ. కొత్త కిటికీ తెరుచుకుంటుంది. అందులో పానా గుర్తు నొక్కి, టెర్రైన్ విభాగంలో టైప్‌ను ఫ్లాట్ నుంచి డీఈఎంకు మార్చి, కత్తిరించిన ఫైలును చూపించండి. వర్టికల్ స్కేల్ (ఎత్తును ఎన్ని రెట్లు సాగదీయాలో చెప్పే అంకె) 1 దగ్గరే ఉంచండి. పెంచాలని చేయి లాగుతుంది, ఆగండి.

7. మౌస్ చక్రం తిప్పితే దగ్గరికి, దూరానికి. చక్రాన్ని నొక్కి పట్టుకుని జరిపితే వాలుతుంది, తిరుగుతుంది. చక్రం లేని లాప్‌టాప్ అయితే షిఫ్ట్ నొక్కి ఎడమ బటన్‌తో లాగండి.

ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన పెన్నా కనిపిస్తుంది. కానీ కోట బురుజు మీద నిలబడి కిందికి చూసినప్పుడు గుండె జారే ఆ నిట్టనిలువు బండలు మాత్రం ఉండవు. వాటి బదులు పక్కలు వాలుగా, కాస్త మెత్తగా కనబడతాయి. ఎందుకో తెలుసుకోవాలంటే వ్యూ మెనూలో ఎలివేషన్ ప్రొఫైల్ తెరిచి, ఒడ్డు నుంచి ఒడ్డుకు అడ్డంగా ఒక గీత గీయండి. లేయర్ ప్రాపర్టీస్‌లో ఎలివేషన్ కింద 'రెప్రజెంట్స్ ఎలివేషన్ సర్ఫేస్' టిక్ పెడితేనే గీత పనిచేస్తుంది. దాదాపు వంద మీటర్ల లోతు రెండు మూడు గడుల్లో దిగిపోవడం కనిపిస్తుంది. గడి వెడల్పు 30 మీటర్లు. రెండు గడుల మధ్య ఏముందో ఫైలుకు తెలియదు కాబట్టి గోడకు బదులు వాలు గీసేస్తుంది. పైగా ఇరుకు లోయల్లో రాడార్‌కు అడుగు సరిగా అందదు. అలాంటి ఖాళీలను తర్వాత వేరే డేటాతో పూడ్చారు.

ఇంకో విశేషం. ఇది 2000 నాటి నేల. ఇప్పుడు గండికోట జలాశయం నీళ్లున్న చోట ఈ ఫైల్లో పాత పల్లపు నేలే ఉంటుంది. ముంపులో పోయిన తాళ్లప్రొద్దుటూరు వైపు కెమెరా తిప్పి చూడండి. పైన నేటి ఉపగ్రహ చిత్రం పరిస్తే నీళ్ల బొమ్మ పాత నేల వాలును పట్టుకుని వంగిపోయి వింతగా ఉంటుంది. నేల ఒక తేదీది, దాని మీద పరిచే బొమ్మ ఇంకో తేదీది అన్న మాట గుర్తుంచుకోండి, అంగారకుడి దగ్గర కూడా పనికొస్తుంది.

ఇప్పుడు అంగారకుడు

1996 నవంబరులో బయలుదేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌకలో మోలా అనే లేజర్ పరికరం ఉండేది. నేల మీదకు లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎత్తు లెక్కకట్టేది. 2001 దాకా 60 కోట్లకు పైగా కొలతలు తీసింది. అంగారకుడి మ్యాపులకు నేటికీ ఇదే పునాది. ఆ డీఈఎంను యూఎస్‌జీఎస్ ఆస్ట్రోజియాలజీ సైట్‌లో పెట్టారు. రెండు రకాలున్నాయి. ఒకటి గడికి 463 మీటర్లు, సుమారు 2 జీబీ. రెండోది దానికి యూరప్ వాళ్ల మార్స్ ఎక్స్‌ప్రెస్ కెమెరా కొలతలు కలిపినది, గడికి 200 మీటర్లు, 11 జీబీ పైనే. రోజుకు జీబీన్నర మొబైల్ డేటా మీద బతికేవాళ్లు రెండోదాని జోలికి పోవద్దు. మొదటిది చాలు. తెగిపోయినా మళ్లీ అక్కడి నుంచే దింపే డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టుకోండి, మధ్యలో కరెంటు పోతే టెన్షన్ ఉండదు.

కొత్త ప్రాజెక్టు తెరవండి. గండికోట ప్రాజెక్టులోనే ఈ ఫైలు పడేయకండి. భూమి కొలతల నుంచి అంగారకుడి కొలతలకు మార్చమంటే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, రెండూ ఒకే ఖగోళ వస్తువు కాదని ఎర్రర్ ఇస్తుంది, లేదా లేయర్ కనబడకుండా పోతుంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ లాంటి భూమి పటాలు కూడా ఉండకూడదు.

ఈ ఫైలు ఇప్పటికే మీటర్లలో ఉంటుంది కాబట్టి వార్ప్ అక్కర్లేదు. కానీ చోటు వెతకడానికి చిన్న లెక్క ఉంది. అంగారకుడి మధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 3396.19 కిలోమీటర్లు, కాబట్టి ఒక డిగ్రీ అంటే 59,275 మీటర్లు. డిగ్రీలను దానితో గుణించి, కింద ఉన్న కోఆర్డినేట్ గడిలో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాసి ఎంటర్ నొక్కాలి. పడమర, దక్షిణం అయితే ముందు మైనస్. కొన్ని చోట్ల రేఖాంశాన్ని 0 నుంచి 360 దాకా తూర్పుకే లెక్కిస్తారు. అలా 180 దాటి ఇచ్చి ఉంటే అందులోంచి 360 తీసేయండి. అంగారకుడి మీది మహా అగ్నిపర్వతం ఒలింపస్ మాన్స్ 226.2 తూర్పు అంటే -133.8 అన్నమాట.

మొదటి మజిలీకి మెలాస్ కాజ్మా బాగుంటుంది. వాలెస్ మారినెరిస్ అనే మహా లోయకు నడిమి భాగం ఇది. 10.5 దక్షిణం, 72.9 పడమర, అంటే సుమారు -4321000, -622000. చుట్టూ 20 డిగ్రీల వెడల్పు, 10 డిగ్రీల ఎత్తు కత్తిరిస్తే 2560 అడ్డం, 1280 నిలువు గడులు వస్తాయి, ఏ లాప్‌టాపైనా మోయగలదు. మిగతా అడుగులన్నీ గండికోటకు చేసినవే.

లోయ మొత్తం పొడవు 4000 కిలోమీటర్లకు పైనే, అంటే కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా మన దేశం పొడవు కంటే ఎక్కువ. లోతు కొన్ని చోట్ల 7 కిలోమీటర్లు. ఇంత పెద్దది కదా అని 1 స్కేల్లో తెరిస్తే 'ఇంతేనా' అనిపిస్తుంది. ప్రొఫైల్ గీస్తే విషయం తెలుస్తుంది. లోయ వెడల్పు 200 కిలోమీటర్లు, లోతు 7. గండికోట దగ్గర వెడల్పు కొన్ని వందల మీటర్లు, లోతు దాదాపు వంద. దామాషాలో చూస్తే మన గండే నిటారుగా ఉంది. పుట్టుకలోనూ పోలిక లేదు. గండికోట క్వార్ట్‌జైట్ బండల్ని పెన్నా కోసింది. వాలెస్ మారినెరిస్ ప్రధానంగా అంగారకుడి పైపొర చీలి, కుంగడం వల్ల ఏర్పడింది, కొండచరియలు విరిగిపడి మరింత వెడల్పయింది.

ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోవాలి. గండికోటే అంగారకుడి మీద ఉండి ఉంటే ఈ మ్యాపులో కనబడేదా? కనబడేది కాదు. గడి 463 మీటర్లు, మొత్తం గండి ఒక్క గడిలో మునిగిపోతుంది. పైగా మోలా లేజర్ చుక్కలు నౌక పోయే దారి వెంట 300 మీటర్ల ఎడంగా పడతాయి. దారికీ దారికీ మధ్య మధ్యరేఖ దగ్గర కిలోమీటర్ల ఖాళీలుంటాయి, అక్కడి అంకెలు అంచనాలే. కాబట్టి అంగారకుడి మైదానాలు 3డీలో నున్నగా కనిపిస్తే అది నేల గుణం కావచ్చు, ఫైలు గుణం కూడా కావచ్చు. చిన్న వంకలు, బండలు చూడాలంటే మార్స్ రికానజెన్స్ ఆర్బిటర్‌లోని హైరైజ్ కెమెరా జంట ఫొటోలతో చేసిన డీఈఎంలు వెతకండి. గడికి ఒక మీటరు దాకా ఉంటాయి. గ్రహం మొత్తానికీ లేవు, ఎంచుకున్న చిన్న చిన్న ముక్కలకే ఉన్నాయి. పర్సెవరెన్స్ రోవర్ 2021లో దిగిన జెజెరో బిలం (18.4 ఉత్తరం, 77.5 తూర్పు) వాటిలో ఒకటి. అక్కడి పాత నది డెల్టా అంచును చూస్తే, ఒకప్పుడు నీళ్లు పారాయన్న మాటకు రుజువు కళ్ల ముందుంటుంది.

తర్వాత ఒలింపస్ మాన్స్. 18.65 ఉత్తరం, -133.8. కోఆర్డినేట్ గడిలో -7931000, 1105000. 12 డిగ్రీల చదరం కత్తిరించండి. ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు, అడుగు వెడల్పు 600. ఆ అడుగు భాగం వైశాల్యంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినంత ఉంటుంది. 1 స్కేల్లో ఇది బోర్లించిన పళ్లెంలా ఉంటుంది. సగటు వాలు ఐదు డిగ్రీల లోపే. సైకిలు తొక్కుతూ ఎక్కొచ్చనిపించే వాలు, అంచుల్లో కిలోమీటర్ల ఎత్తున్న గోడల్ని దాటగలిగితే. నిజంగా ఆ వాలు మీద నిలబడితే శిఖరం కనబడదు. అంగారకుడు చిన్న గ్రహం, చదును నేల మీద మనిషి కంటికి మూడున్నర కిలోమీటర్లలోపే అంచు వచ్చేస్తుంది. ఫోన్లో చూసిన మొనదేలిన ఒలింపస్ కావాలంటే వర్టికల్ స్కేల్ 5 పెట్టి చూడండి, అచ్చం అలాగే లేస్తుంది.

నా అభిప్రాయం ఇది: ప్రతి చోటునూ ముందు 1లో చూడాలి, తర్వాతే పెంచాలి. విశాలమైన చోట్లకు 2 లేదా 3 పెంచడం తప్పేమీ కాదు, లేకపోతే కొన్ని రూపాలు కంటికి ఆనవు. కానీ బొమ్మ బయటికి పంపేటప్పుడు ఎంత పెంచారో దాని మీదే రాయండి.

రంగుల దగ్గర కూడా జాగ్రత్త. పల్లానికి నీలం రంగు వేసే అలవాటు ఉంది. అంగారకుడి ఉత్తర మైదానాలు నీలంగా వస్తే చూసేవాళ్లు సముద్రం అనుకుంటారు. గోధుమ, నారింజ ఛాయలే వాడటం మంచిది. వెలుతురు ఎప్పుడూ పై ఎడమ మూల నుంచి, 315 డిగ్రీల దిశలో ఉండనివ్వండి. కింది నుంచి పెడితే బిలాలు గుట్టల్లా, గుట్టలు గుంటల్లా కనబడతాయి, కంటిని ఎంత ఒప్పించబోయినా ఒప్పుకోదు. చదును నేలలకు సూర్యుడి ఎత్తు 45 నుంచి 20కి దించితే సన్నని గీతలు బయటపడతాయి.

చంద్రుడి మీద ఒక చిక్కు

చంద్రుడికి లోలా అనే లేజర్ డీఈఎం ఉంది, 2009లో వెళ్లిన లూనార్ రికానజెన్స్ ఆర్బిటర్ నుంచి. గడికి 118 మీటర్లు, 8 జీబీ ఫైలు. ఇక్కడ డిగ్రీకి 30,323 మీటర్లు. ఫైలు తెరవగానే ఐడెంటిఫై బటన్‌తో నాలుగైదు చోట్ల ఎత్తులు చూడండి. చంద్రుడి మీద అత్యంత ఎత్తు 10.8 కిలోమీటర్లు, అత్యంత లోతు 9 పైచిలుకు. 20,000 పైబడిన అంకెలు కనిపిస్తే, ఎత్తులు అర మీటరు లెక్కన దాచి ఉన్నాయని అర్థం. రాస్టర్ కాలిక్యులేటర్‌లో 0.5తో గుణించాలి. ఈ పరీక్ష అంగారకుడికీ చేయండి. అక్కడ 21 కిలోమీటర్ల పైచిలుకు నుంచి మైనస్ 8 పైచిలుకు మధ్యనే రావాలి.

అసలు చిక్కు ఆకారంలో వస్తుంది. ఈ ప్రపంచ పటాలు మధ్యరేఖ దగ్గర తప్ప మిగతా చోట్ల అడ్డంగా సాగుతాయి. 43 డిగ్రీల దక్షిణాన ఉన్న టైకో బిలం గుండ్రటిది, 85 కిలోమీటర్ల వెడల్పు. నేరుగా తెరిస్తే అడ్డానికి 1.37 రెట్లు సాగి కోలగా కనబడుతుంది. చంద్రయాన్-3 దిగిన చోటు 69.37 దక్షిణం, అక్కడ సాగుదల దాదాపు 2.8 రెట్లు. గుండ్రటి బిలాలన్నీ నలిగినట్టుంటాయి.

దీనికి మందు ఉంది. సెట్టింగ్స్‌లో కస్టమ్ ప్రొజెక్షన్స్ తెరిచి, స్టీరియోగ్రాఫిక్ రకం ఎంచి, మధ్య అక్షాంశం -43.3, మధ్య రేఖాంశం -11.2, వ్యాసార్థం 1737400 మీటర్లు ఇవ్వండి. ముందు టైకో చుట్టూ కత్తిరించి, తర్వాత వార్ప్‌లో ఈ కొత్త ప్రొజెక్షన్‌కు మార్చండి. బిలం గుండ్రంగా వస్తుంది, నడిమి శిఖరం నీడతో సహా. చంద్రయాన్-3 చోటుకు మధ్యబిందువు -69.37, 32.32 పెడితే సరి. మన చంద్రయాన్-2 టెర్రైన్ మ్యాపింగ్ కెమెరా డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే దొరుకుతుంది. లోలా కంటే చాలా సన్నని వివరం ఉంటుంది, దించుకునే ఓపిక ఉండాలి.

పని చెడినప్పుడు

3డీ కిటికీ ఖాళీగా ఉంటే మొదట జూమ్ ఫుల్ నొక్కండి, కెమెరా ఎక్కడో దూరాన ఉండొచ్చు. అప్పటికీ ఏమీ రాకపోతే ప్రాజెక్టు డిగ్రీల్లో ఉందేమో చూడండి. నేల మధ్యలో పాతాళానికి దిగిన బావుల్లాంటివి కనిపిస్తే అక్కడ డేటా లేదు, -32768 లాంటి అంకె ఉంది. లేయర్ ప్రాపర్టీస్‌లో ట్రాన్స్‌పరెన్సీ కింద ఆ అంకెను నో డేటాగా రాయండి. నేల పలకల మధ్య సన్నని పగుళ్లు వస్తే స్కర్ట్ హైట్ పెంచండి. అంగారకుడి లాంటి ఎత్తుపల్లాలకు కొన్ని వందలు ఇచ్చినా తప్పులేదు. నేల మరీ మొద్దుగా ఉంటే టైల్ రిజల్యూషన్ 16 నుంచి 64కు. లాప్‌టాప్ ఫ్యాన్ మోత మొదలైతే మళ్లీ తగ్గించండి.

ఫోన్లో చూపించాలనుకుంటే క్యూజీఐఎస్‌టూత్రీజేఎస్ అనే ప్లగిన్ వేసుకోండి. 3డీ దృశ్యాన్ని వెబ్ పేజీగా ఎగుమతి చేస్తుంది. ఎగుమతికి ముందు డీఈఎం వివరం ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే పాత ఫోన్లలో తెరుచుకోదు. ఎగుమతి అయిన ఫోల్డర్లో అన్ని ఫైళ్లూ కలిసే ఉండాలి. ఒక్క పేజీని మాత్రమే వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు ఖాళీ తెర కనబడుతుంది. మొత్తం ఫోల్డర్‌ను ఏదైనా ఉచిత వెబ్ హోస్టింగ్‌లో పెట్టి, లింకు పంపండి.